మూడు వైర్ల సెన్సర్, నాలుగు వందల వోల్టుల గోడ

బయటి లైట్లకు పెట్టే మోషన్ సెన్సర్ కొంటే పెట్టె మీద మామూలుగా కనిపించే అంకెలు నాలుగు: 220-240 వోల్టులు, 12 మీటర్లు, 180 డిగ్రీలు, 1200 వాట్లు. వాటి కిందే సన్నటి అక్షరాల్లో మరికొన్ని ఉంటాయి. 12 మీటర్ల పక్కన ‘24 డిగ్రీల లోపు’ అని ఉంటుంది. 1200 వాట్లు పాతకాలపు ఫిలమెంటు బల్బులకు, ఎల్‌ఈడీ అయితే 300 అని ఉంటుంది. పనిచేసే ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి 40 డిగ్రీల దాకా అని ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో పాడైన సెన్సర్ తీసేసి కొత్తది బిగించుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చేవి ఈ సన్న అక్షరాలే. ఎందుకంటే మే నెలలో ఇక్కడ పగటి ఎండ 40 దాటుతుంది, రాత్రి పదింటికి కూడా గాలి 24కు దిగదు, ఫిలమెంటు బల్బు వాడే ఇల్లు వెతికినా దొరకదు.

పెట్టె మీద ఎక్కడా లేని అంకె ఇంకొకటుంది. అది 400. కొత్త సెన్సర్ బిగించిన క్షణంలోనే మాడిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ఆ అంకెనే.

నీలం వైరు దగ్గరే చిక్కు

చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, నాగోల్, వనస్థలిపురం కాలనీల్లో నూటయాభై, రెండొందల గజాల జాగాలో జీ ప్లస్ త్రీ, జీ ప్లస్ ఫోర్ కట్టి అంతస్తుకో పోర్షన్ అద్దెకిచ్చిన ఇళ్లు వీధి పొడుగునా ఉంటాయి. అలాంటి ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండటం మామూలే. మోటారు ఉంటుంది, లిఫ్టు ఉంటే ఉంటుంది, మెట్ల లైట్లు, పార్కింగ్ లైట్లు కామన్ మీటర్ మీద నడుస్తాయి. మెయిన్ బోర్డు నుంచి పైకి పోయే వైర్లు ఎరుపు, పసుపు, నీలం. మన ఎలక్ట్రీషియన్లు ఆర్, వై, బీ అనేది ఈ మూడు ఫేజులనే. న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ.

సెన్సర్ మాత్రం వేరే దేశాల రంగులతో వస్తుంది. దాని బ్రౌన్ వైరు ఫేజుకు, నీలం వైరు న్యూట్రల్‌కు, ఎరుపు వైరు లైటుకు. అంటే దాని నీలం న్యూట్రల్, మన గోడలోని నీలం ఫేజు. దాని ఎరుపు లైటుకు పోయేది, మన ఎరుపు కరెంటు వచ్చేది. రెండు చోట్లా ఒకే రంగులు, అర్థాలు మాత్రం తలకిందులు.

ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటే, ఫేజుకూ ఫేజుకూ మధ్య దానికి 1.732 రెట్లు ఉంటుంది. లెక్క కడితే 398, వాడుకలో నాలుగు వందలు. సరఫరాలో పది శాతం ఎక్కువతక్కువలు మామూలే కాబట్టి 230 కాస్తా 207 నుంచి 253 దాకా ఊగుతుంది. పై అంచున ఉన్నప్పుడు రెండు ఫేజుల మధ్య 438 వోల్టులు. 240కి తయారైన పరికరం నీలాన్ని నీలానికి కలిపిన పాపానికి ఇంత వోల్టేజీ కింద పడుతుంది. లోపలి కెపాసిటర్ మీద 275 వోల్టులు అని రాసి ఉంటుంది చూడండి, అది ఎంతసేపు ఆగుతుంది?

“బ్లూ వైరే కదన్నా, న్యూట్రలే ఉంటది” అంటాడు వాచ్‌మన్. “మీటర్ పెట్టి చూడంది ఏ వైరు పేరూ చెప్పలేమన్నా” అనే ఎలక్ట్రీషియన్ దొరికితే ఆ ఇంటి అదృష్టం. ఐదేళ్ల కింద ఎవరో ఒక రంగు అయిపోయి చేతికందిన రంగు లాగి ఉంటారు. పై అంతస్తు తర్వాత కట్టినప్పుడు ఇంకో మేస్త్రీ ఇంకోలా లాగి ఉంటాడు. వైరు రంగును బట్టి అంచనా వేసుకోవచ్చు గానీ దాన్ని నమ్మి జాయింటు చెయ్యకూడదు.

నమ్మాల్సింది మల్టీమీటర్ చూపించే అంకెల్ని. ఏసీ వోల్టుల్లో, 600 లేదా 750 రేంజిలో పెట్టి, వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, లోహం భాగం ముట్టుకోకుండా కొలవాలి. ఒక జతకు 207 నుంచి 253 మధ్య వస్తే అందులో ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్ కావచ్చు, ఎర్త్ కూడా కావచ్చు. 400 చుట్టుపక్కల వస్తే రెండూ ఫేజులే, అక్కడితో ఆపెయ్యాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నా నుంచి ఒకటి రెండు వోల్టులు ఉండటం సహజం. అక్కడ పదులూ ఇరవైలూ కనిపిస్తే న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉన్నట్టు. అది సెన్సర్ సమస్య కాదు, ఇల్లు మొత్తానిది. త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ ఊడితే ఒక ఫేజు మీద వోల్టేజీ తగ్గి ఇంకో ఫేజు మీద మూడు వందలు దాటుతుంది. మెట్లలోని సెన్సర్లన్నీ ఒకే రాత్రి పోయాయి అని వినిపించే సంగతి వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

నియాన్ టెస్టర్ ఒక్కదానితో ఈ పని చెయ్యకండి. అది వెలిగితే ఏదో వోల్టేజీ ఉందని తెలుస్తుంది, 230 ఉందో 400 ఉందో తెలియదు. వెలగకపోతే ఆ వైరు న్యూట్రల్ అనీ తేలదు, తెగిపోయిన ఫేజైనా వెలగదు.

ఏడు కొసలు

కొలిచాక ఎంసీబీ దింపాలి. గోడ మీది స్విచ్చి ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్చి న్యూట్రల్ మీద ఉండటం అరుదేమీ కాదు. త్రీ ఫేజ్ బోర్డయితే మూడు ఫేజులూ దింపి, మళ్లీ మీటర్ పెట్టి సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. లైట్ల సర్క్యూట్‌కు ఉండే ఎంసీబీ మామూలుగా 6 ఆంపియర్లది, అంటే 6000 మిల్లీ ఆంపియర్లు. తడి చేతుల మనిషి శరీర నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే 230 వోల్టులకు లోపలి నుంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తియ్యడానికి అది ఎక్కువే, ఎంసీబీ లెక్కలో అది ఏ మూలకూ రాదు. ఆ మనిషిని కాపాడగలిగేది 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ. ఇంట్లో అది లేకపోతే కొత్త సెన్సర్ కంటే ముందు దాని గురించి ఆలోచించమని గట్టిగా చెబుతాను.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 250 వోల్టులు మించని చోట బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఫిటింగుల్లాంటివి, ఇన్‌స్టలేషన్ సామర్థ్యమూ స్వభావమూ మారకుండా, పాతది తీసి కొత్తది పెట్టడాన్ని విద్యుత్ భద్రతా నిబంధనలు మినహాయించాయి. అంతకు మించిన వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలి. సింగిల్ ఫేజ్ ఇంటి గేటు లైటు దగ్గర పాత సెన్సర్ స్థానంలో అలాంటిదే ఇంకోటి పెట్టడం మొదటి కోవలోకి వస్తుంది. మీటర్ 400 చూపించిన బోర్డు మాత్రం మనది కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

జాయింట్లు మూడే. గోడలోంచి వచ్చే ఫేజు సెన్సర్ బ్రౌన్‌కు: రెండు కొసలు. గోడలోని న్యూట్రల్, సెన్సర్ నీలం, లైటు న్యూట్రల్ కలిపి ఒక జాయింటు: మూడు కొసలు. సెన్సర్ ఎరుపు నుంచి లైటు ఫేజుకు: రెండు కొసలు. మొత్తం ఏడు. మూత బిగించే ముందు లెక్కపెట్టి ఏడు రాకపోతే ఎక్కడో తప్పింది. ఎర్త్ ఈ లెక్కలోకి రాదు. సెన్సర్‌కు ఎర్త్ వైరు చాలావరకు ఉండదు, లోహపు ఒళ్లున్న ఫ్లడ్ లైటుకు మాత్రం తప్పకుండా ఉంటుంది, అది నేరుగా గోడలోని ఆకుపచ్చ వైరుకు పోవాలి.

రంగుకు రంగు కలిపితే ఏమవుతుందో చూడండి. గోడ ఎరుపును సెన్సర్ ఎరుపుకు, లైటు బ్రౌన్‌ను సెన్సర్ బ్రౌన్‌కు కలిపారనుకుందాం. సెన్సర్ లోపలి సర్క్యూట్‌కు కరెంటు అందేది బ్రౌన్, నీలాల మధ్య. ఇప్పుడు ఆ బ్రౌన్‌కు ఫేజే రాదు. కాబట్టి లోపల లైటుకు స్విచ్చిలా పనిచేసే రిలే ఎప్పటికీ పడదు, లైటు ఎప్పటికీ వెలగదు. పేలదు, పొగ రాదు, అంతా చచ్చినట్టు ఉంటుంది. కొత్త పీసే డిఫెక్టు అనుకుని షాపుకు తిప్పి పంపేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. సెన్సర్ ఎరుపును న్యూట్రల్‌కు కలిపితే మాత్రం ఊరుకోదు. రిలే పడిన క్షణంలో ఫేజు నేరుగా న్యూట్రల్‌ను తాకుతుంది, ఎంసీబీ పడిపోతుంది, రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి.

ఇంకో ప్రమాదం మెట్ల దగ్గర ఉంది. కింద ఒక సెన్సర్, మొదటి అంతస్తులో ఒకటి పెట్టి, ఏది పసిగట్టినా రెండు లైట్లూ వెలగాలని రెండు ఎరుపు వైర్లనూ కలిపేస్తారు. రెండు సెన్సర్లూ ఒకే ఫేజు మీద ఉంటే అది సరైన పద్ధతే. కింది అంతస్తు ఆర్ మీద, పైది వై మీద ఉంటే, రెండు రిలేలూ ఒకేసారి మూసుకున్నప్పుడు ఫేజు ఫేజును తాకుతుంది. మనిషి మెట్లెక్కుతుండగానే జరుగుతుంది అది. రెండు బ్రౌన్ కొసల మధ్య మీటర్ పెట్టండి. సున్నా వస్తే ఒకే ఫేజు, 400 వస్తే కలపకూడదు.

లైటు వెలిగి ఆరకపోతే

సెన్సర్ పోయింది అంటే చాలామంది చెప్పేది లైటు వెలగట్లేదని కాదు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉందని. అలాంటి పాత సెన్సర్ మూత విప్పి చూస్తే కథ తెలుస్తుంది. చీమలు మోసుకొచ్చిన మట్టి ఒక మూల, బల్లి గుడ్డు పెంకు ఒక మూల, మధ్యలో చిన్న నల్ల డబ్బా లాంటి రిలే. స్క్రూడ్రైవర్ పిడితో రిలే మీద మెల్లగా కొడితే టక్‌మని చప్పుడు చేసి కాంటాక్టు విడిపోతుంది. ఎంసీబీ దింపే ఈ పరీక్ష చెయ్యాలి సుమా. విడిపోయిందంటే సెన్సర్ కన్ను బాగానే ఉంది, అతుక్కున్నది రిలే.

అతుక్కోవడానికి కారణం ఆ 1200, 300 తేడాలోనే ఉంది. 20 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు మామూలుగా తీసుకునేది 0.09 ఆంపియర్ల చుట్టుపక్కలే. వెలిగే మొదటి క్షణంలో మాత్రం లోపలి కెపాసిటర్ నిండటానికి దానికి ఎన్నో రెట్లు గుంజుతుంది. పది లైట్లు ఒకే సెన్సర్ మీద వేస్తే వాట్లు కలిపితే 200, లెక్కకు 300 లోపే. మొదటి క్షణపు గుంజుడు మాత్రం పదీ ఒక్కసారే. రాత్రికి వంద సార్లు రిలే పడుతుంటే ఆ నిప్పురవ్వలకు కాంటాక్టు ఒకనాటికి వెల్డింగ్ అయిపోతుంది. ఒక సెన్సర్ మీద రెండు మూడు ఫ్లడ్ లైట్లకు మించి వెయ్యకపోవడం నా సలహా. పార్కింగ్ మొత్తం వెలగాలంటే మధ్యలో ఒక కాంటాక్టర్ పెట్టించుకోవడం మేలు.

సెన్సర్ టిక్కుటిక్కుమంటూ లైటు మినుకుమినుకుమంటే అది వేరే జబ్బు. చవక సెన్సర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్ ద్వారానే వోల్టేజీ దించుతారు. ఏళ్లు గడిచేకొద్దీ, వోల్టేజీ దెబ్బలకు అది బలహీనపడి రిలేని పట్టి ఉంచలేకపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచే సెన్సర్లు ఇలా త్వరగా పోతాయి, ఆ కరుకు తరంగానికి కెపాసిటర్ గుండా మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు పారుతుంది కనుక. బయటి లైట్లను ఇన్వర్టర్ మీద పెట్టాలంటే సైన్ వేవ్‌దే చూసుకోవాలి.

వేసవిలో కన్ను మందగిస్తుంది

‘ఎండాకాలం రాగానే సెన్సర్ సరిగా పట్టట్లేదు, మార్చేద్దాం’ అనుకునే ముందు చిన్న లెక్క చూడండి. ఈ సెన్సర్ మనిషిని చూడదు, మనిషి ఒంటి వేడిని చూస్తుంది. మన ఒంట్లోంచి వెలువడే పరారుణ కిరణాలు 9, 10 మైక్రోమీటర్ల దగ్గర అత్యధికంగా ఉంటాయి. తెల్లటి ప్లాస్టిక్ కటకం ఆ వేడిని ముక్కలు ముక్కలుగా కోసి రెండు చిన్న పలకల మీద వేస్తుంది. మనిషి అడ్డంగా నడిస్తే ముందు ఒక పలక, తర్వాత రెండోది వేడిని అందుకుంటాయి. ఆ తేడాయే సంకేతం. మనిషికీ వెనుకనున్న గోడకూ మధ్య వేడి తేడా లేకపోతే సంకేతమూ లేదు.

వెలువడే వేడి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. చర్మం 33 డిగ్రీలు, వెనుక గోడ 24 డిగ్రీలు అనుకుని వచ్చిన తేడాను వంద అనుకుందాం. మే నెలలో పొద్దంతా ఎండ తాగిన గోడ రాత్రి తొమ్మిదింటికి 31 డిగ్రీలుంటే అదే లెక్కలో తేడా 23కు పడిపోతుంది. ఆ వేడికి చర్మం కూడా 35కు చేరిందని ఉదారంగా లెక్కేసినా 46 దాటదు. పెట్టె మీది 12 మీటర్లు మన వేసవి రాత్రి ఐదారు మీటర్లే అనిపించిందంటే అది సెన్సర్ తప్పు కాదు.

దీనికి విరుగుడు బిగించే చోటులో ఉంది. గేటుకు ఎదురుగా, వచ్చేవాడి మొహంలోకి చూసేలా పెడితే అతను నేరుగా దాని వైపే నడుస్తాడు, పలక నుంచి పలకకు వేడి మారదు, దగ్గరికొచ్చేదాకా పట్టదు. పక్క గోడకు, 1.8 నుంచి 2.5 మీటర్ల ఎత్తులో పెడితే దారికి అడ్డంగా చూస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి తగిలే చోట వద్దు, మనిషి లేకుండానే వెలుగుతుంది. మైక్రోవేవ్ రకం సెన్సర్‌కు ఎండతో పనిలేదు, అది 5.8 గిగాహెర్ట్‌జ్ తరంగాలు పంపి తిరిగొచ్చేవాటిని చూస్తుంది. కానీ దానికి అద్దం, పలుచటి తలుపు అడ్డు కావు. ఇరవై అడుగుల గల్లీలో పోయే ప్రతి స్కూటీకీ మన లైటు వెలుగుతుంది. మెట్లలోనూ సెల్లార్‌లోనూ అది బాగుంటుంది, వీధి గోడకు వద్దు.

ఎన్ని రూపాయలు?

రాత్రికి 12 గంటలు వెలిగే 20 వాట్ల గేటు లైటు నెలకు 7.2 యూనిట్లు కాలుస్తుంది. సెన్సర్ పెట్టాక గంటన్నర వెలిగితే, సెన్సర్ తనకోసం రోజంతా తినే అర వాటుతో కలిపి నెలకు 1.26 యూనిట్లు. మిగిలేది 5.94. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం 201 నుంచి 300 యూనిట్ల శ్లాబులో యూనిట్ 7.70 రూపాయలు, కాబట్టి నెలకు దాదాపు 46 రూపాయలు. సెన్సర్ 450 రూపాయలనుకుంటే పది నెలల్లో ఖర్చు తిరిగొస్తుంది. అదే లైటు 9 వాట్ల బల్బయి, ఇల్లు వంద యూనిట్ల లోపు 3.10 రూపాయల శ్లాబులో ఉంటే నెలకు మిగిలేది ఏడు రూపాయలు చిల్లర. దాదాపు ఐదేళ్లు పడుతుంది, అప్పటికి సెన్సరే ఉంటుందో లేదో. అలాంటి ఇంట్లో బిల్లు కోసం సెన్సర్ మార్చకండి. చీకట్లో తాళం వెతుక్కునే పెద్దవాళ్ల కోసం మార్చండి.

గృహజ్యోతి వర్తించే ఇంట్లో లెక్క పూర్తిగా మారిపోతుంది. 2024 ఫిబ్రవరి 27న మొదలైన ఆ పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. కూలర్ నడిచే నెలలో 203 యూనిట్లు వచ్చాయనుకోండి: 200 యూనిట్లకు 5.10 చొప్పున 1020, మూడింటికి 23.10, మొత్తం 1043.10 రూపాయలు, ఇతర ఛార్జీలు దీనికి అదనం. గేటు లైటు మిగిల్చే ఆ 5.94 యూనిట్లు తీసేస్తే 197, బిల్లు సున్నా. గీత అంచున ఉన్న ఇళ్లకు ఈ చిన్న పరికరం విలువ అంతుంటుంది.

ఐదంతస్తుల మెట్లలో ఐదు 12 వాట్ల లైట్లు, పార్కింగ్‌లో ఐదు 20 వాట్ల లైట్లు రాత్రంతా వెలిగితే కామన్ మీటర్ మీద నెలకు 57.6 యూనిట్లు. పదింటికీ సెన్సర్లు పెడితే 10.8. అందులో 3.6 యూనిట్లు సెన్సర్లు తినేవే, కాబట్టి ప్రతి మూలకూ ఒకటి తగిలించడం దండగ.

వానకు ముందు, పొద్దుగూకాక

2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హయత్‌నగర్ వైపు ముప్పై సెంటీమీటర్లకు దగ్గరగా వాన పడి, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు నీట మునిగిన సంగతి ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. అంత కాకపోయినా, గాలితో ఏటవాలుగా కొట్టే వాన ఏటా ఉంటుంది. పెట్టె మీద ఐపీ 44 అంటే అన్ని వైపుల చిమ్మే తుంపర్లను ఆపుతుంది. మిల్లీమీటరు కంటే పెద్ద వస్తువుల్నే రానివ్వదు, అంతకంటే సన్నటి చీమకు దారి ఉన్నట్టే. సజ్జ కింద అది చాలు. సజ్జ లేని కాంపౌండ్ గోడకు దుమ్మునూ నీటి ధారనూ ఆపే ఐపీ 65 తీసుకోవాలి. వైరు పైనుంచి కాకుండా కిందినుంచి లోపలికి పోవాలి, పోయే ముందు కాస్త వేలాడేలా వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. బయట జాయింట్లు ఒట్టి టేపుతో చుట్టి వదలకుండా కనెక్టర్ పెట్టి, మూత ఉన్న బాక్సులో ఉంచాలి.

అంతా బిగించాక ఎంసీబీ ఎత్తితే లైటు దానంతటదే వెలిగి, అర నిమిషమో నిమిషమో ఉండి ఆరవచ్చు. కంగారు పడొద్దు, సెన్సర్ చుట్టూ ఉన్న వేడిని అలవాటు చేసుకుంటోంది. కింద ఉండే మూడు మరల్లో లక్స్‌ను సూర్యుడి బొమ్మ వైపు, టైమ్‌ను తక్కువకు తిప్పి పగలే నడిచి చూసుకోవచ్చు. టైమ్ ఏడు నిమిషాల మీద ఉంటే రాత్రికి నలభై రాకపోకలకు 4 గంటల 40 నిమిషాలు వెలుగుతుంది, ఒక నిమిషం మీద ఉంటే 40 నిమిషాలే. లక్స్ మరను మాత్రం పగలు ఖాయం చెయ్యకండి. వీధి లైటు వెలిగాక, దాని వెలుతురు సెన్సర్ మీద పడుతుండగా తిప్పాలి. చంద్రుడి బొమ్మ వైపు పూర్తిగా తిప్పి ఉంచితే ఆ వీధి లైటునే పగలనుకుని సెన్సర్ రాత్రంతా పడుకుంటుంది. మెల్లగా సూర్యుడి వైపు జరుపుతూ, ఒక్కో జరుపుకీ ఒకసారి ఎదురుగా అడ్డంగా నడుస్తూ పోతే లైటు వెలిగే చోటు దొరుకుతుంది. అక్కడ ఆపి, మర్నాడు పొద్దున లైటు వెలగట్లేదని చూసుకుంటే సరిపోతుంది.